ఎదుగుదల నవల – చిటికెడు మాయ



వార్షికోత్సవ సంచికకు రాయమంటే పాత విద్యార్థులం సాధారణంగా హాస్టల్ జ్ఞాపకాలు రాస్తాం. ఈసారి మేము ఒక పాఠం రాయదలచుకున్నాం. అందుకు కారణం ఉంది. పోయిన సెలవుల్లో దర్శి వచ్చినప్పుడు ఒక సాయంత్రం స్టడీ అవరులో కాసేపు కూర్చున్నాం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు సాంఘిక శాస్త్రం పుస్తకం మధ్యలో అట్టలూడిన మాయల కథల పుస్తకం పెట్టుకుని చదువుతున్నాడు. మమ్మల్ని చూడగానే మూసేశాడు. "పరీక్షకు వచ్చేది కాదులే అన్నా, ఊరికే చూస్తన్నా" అన్నాడు, తప్పు చేసి దొరికినట్టు.

పదేళ్ల కిందట మేమూ అలాగే దాచుకుని చదివాం. పెద్దవాళ్లు చూస్తే "ఈ మాయలూ మంత్రాలూ నీకు అన్నం పెడతాయా?" అనేవారు. వాళ్లను తప్పు పట్టలేం. మనలో చాలామందిమి మన ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కినవాళ్లం. అమ్మానాయనల ఆశ అంతా మన చదువు మీదే. పోగొట్టుకోవడానికి మన దగ్గర ఒక గంట కూడా ఎక్కువ లేదు. మరి ఆ పుస్తకం చదివిన గంట పోగొట్టుకున్నట్టేనా? ఆ రోజు తమ్ముడికి సరిగా జవాబు చెప్పలేకపోయాం. పీజీలో నవల గురించి నేర్చుకున్నదీ, ఒకే గదిలో పడుకుని పెరిగిన మా బ్యాచ్‌వాళ్లం మాట్లాడుకున్నదీ కలిపి ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాం. రాసిన చెయ్యి ఒకటే, మాట అందరిది.

1. ఎదుగుదల నవల అంటే ఏమిటి?

చాలా కథల్లో నాయకుడు మొదట ఎలా ఉంటాడో చివరా అలాగే ఉంటాడు. మొదట్లోనే వీరుడు, చివరకూ వీరుడే. మధ్యలో శత్రువులు మాత్రం చస్తారు. ఎదుగుదల నవల అలాంటిది కాదు. అందులో మొదటి పేజీలో ఉన్న పిల్లవాడు వేరు, చివరి పేజీలో ఉన్న యువకుడు వేరు. ఆ మార్పే కథ. జర్మనీలో గోథే 1795–96లో ప్రచురించిన 'విల్‌హెల్మ్ మైస్టర్' నవలను ఈ జాతి నవలలకు తొలి ఉదాహరణగా సాహిత్య చరిత్రకారులు చెబుతారు.

ఇలాంటి నవలలో సాధారణంగా ఆరు మెట్లు కనిపిస్తాయి. పిల్లవాడు ఇల్లు విడుస్తాడు. తెలియని చోటికి చేరతాడు. అక్కడ ఒక స్నేహితుడు దొరుకుతాడు. ఒక గురువు దొరుకుతాడు, ఆయన మంచివాడు కావచ్చు, మోసగాడూ కావచ్చు. తర్వాత ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. చివరకు ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ నిర్ణయంతో పిల్లతనం ముగుస్తుంది.

తమ్ముళ్లారా, ఒకసారి ఆలోచించండి. కురిచేడు నుంచో, దొనకొండ నుంచో, ముండ్లమూరు నుంచో ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు దిగి, నాయన వెళ్లిపోయాక గేటు దగ్గర నిలబడిన ప్రతి పిల్లవాడూ ఆ మొదటి రెండు మెట్లూ ఎక్కేసినట్టే. ఈ నవలలు మనకు కొత్త కాదు. మనం వాటిలో ఉన్నాం.

2. మరి మాయ ఎందుకు?

మనిషి లోపల జరిగే మార్పు కంటికి కనపడదు. భయం పోయిందని చెబితే చదివేవాడికి పట్టదు. భయాన్ని మొసలిగా చేసి, పిల్లవాడు దానితో పోరాడినట్టు చూపితే పడుతుంది. మాయ చేసే పని అదే. లోపలి సంగతిని బయట పెడుతుంది. అయితే అది కూరలో ఉప్పులా ఉండాలి. ప్రతి కష్టానికీ ఒక మంత్రం వచ్చి గట్టెక్కిస్తే పిల్లవాడు ఎదగవలసిన అవసరమే ఉండదు.

అందుకే మాయ ఉన్న ఎదుగుదల కథ ఏది చదివినా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పిల్లవాడికి బలం ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టుక వల్ల వచ్చిందా, మంత్రం వల్ల వచ్చిందా, తాను చేసిన పని వల్ల వచ్చిందా? ఈ పాఠం మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే ఉంది. ఇప్పుడు నాలుగు ఉదాహరణలు చూద్దాం. వీటిలో ఒకటి సినిమా. అందరూ చూసిన కథ కాబట్టి దాన్నీ చేర్చాం.

3. ప్రశ్నే కూలి – కాశీమజిలీ కథలు

మధిర సుబ్బన్న దీక్షితులు గారు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలుగా రాశారు. రాకుమారులు, యక్షులు, మాయలు అన్నీ అందులో ఉన్నాయి. కాని మాకు నచ్చింది ఆ కథలన్నిటినీ కలిపి కట్టిన దారం. మణిసిద్ధుడనే ఆయన కాశీకి కాలినడకన వెళ్లాలనుకుంటాడు. తోడు కావాలి. అంత దూరం ఎవరూ రారు. చివరకు పశువులు కాచుకునే ఒక కుర్రవాడు ఒప్పుకుంటాడు, ఒక షరతు మీద. దారిలో తాను ఏ వింత చూసి అడిగినా, మజిలీ చేరాక దాని కథ చెప్పాలి. చెప్పకపోతే వెనక్కి వచ్చేస్తానంటాడు. సిద్ధుడి దగ్గర ఒక మణి ఉంటుంది. దాని మహిమతో జరిగిన సంగతులు తెలుసుకుని ఆయన కథ చెబుతాడు.

ఇందులో మాయ ఆ మణి. అది పిల్లవాడి దగ్గర లేదు, పెద్దాయన దగ్గర ఉంది. కాని పిల్లవాడు అడగకపోతే ఆ మణికి పని లేదు, ఒక్క కథా పుట్టదు. పశువుల కాపరి కుర్రవాడు డబ్బు అడగలేదు, బట్టలు అడగలేదు. ప్రశ్న అడిగే హక్కును కూలిగా అడిగాడు. కాశీకి చేరేలోగా వాడు విన్న కథలకు లెక్క లేదు. బడికి వెళ్లని వాడికి ఆ దారే బడి అయింది.

మనలో ఎంతమందిమి తరగతిలో చెయ్యెత్తి ప్రశ్న అడుగుతాం? మేము పదో తరగతి దాకా అడగలేదు. తప్పుగా మాట్లాడితే నవ్వుతారని భయం. ఆ కుర్రవాడి షరతు గుర్తు పెట్టుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది.

4. బొమ్మ పోయిన తర్వాత – తోటరాముడు

1951లో విజయా వారు తీసిన 'పాతాళభైరవి' మన తాతల కాలం నుంచి అందరూ చూస్తున్నదే. దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. కాశీమజిలీ కథల్లోని ఒక కథ దానికి ఆధారం. ఉజ్జయినిలో తోటమాలి ఇంటి పిల్లవాడు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు తనతో సమానమైన సంపద తెమ్మంటాడు. నేపాళ మాంత్రికుడు అతన్ని బలి ఇవ్వడానికి తీసుకుపోతే, రాముడు ఆ ఎత్తును మాంత్రికుడి మీదికే తిప్పి, కోరినదిచ్చే బొమ్మను సంపాదిస్తాడు.

సినిమా అక్కడే ముగిసి ఉంటే అది వట్టి మాయ కథ అయ్యేది. అసలు పరీక్ష తర్వాత వస్తుంది. బొమ్మ చేజారిపోతుంది. మేడ పోతుంది, రాకుమారీ పోతుంది. రాముడు మొదట ఎలా ఉన్నాడో అలా వట్టి చేతులతో మిగులుతాడు. కాని ఇప్పుడు ఉన్నది మొదటి రాముడు కాదు. స్నేహితుడు అంజిని వెంటబెట్టుకుని, తెలివితో, ధైర్యంతో మాంత్రికుడి గుహకే వెళతాడు. మాయతో వచ్చినది మాయతోనే పోయింది. మాయ పోయాక మిగిలినదే అతని సొంత బలం.

ఇంకొకటి కూడా గమనించండి. కథ చివర్లో రాముడు చిన్నప్పుడు తప్పిపోయిన రాజకుమారుడని ఎవరూ వచ్చి చెప్పరు. తోటమాలి కొడుకుగానే గెలుస్తాడు. ఇది చిన్న సంగతి కాదు. ఎందుకో ముందు ముందు చెబుతాం.

5. పేరు వేసుకోని రచయిత – శిఖిముఖి

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో 'చందమామ' ప్రారంభించారు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కాని, పాత సంచికలు కొన్ని ఇళ్లలో, గ్రంథాలయాల్లో ఇంకా దొరుకుతాయి. అందులో నెలనెలా వచ్చిన జానపద సీరియళ్లు తెలుగు పిల్లలకు మాయ నవలల్లాంటివి. 'తోకచుక్క' 1954లో మొదలైంది. తర్వాత 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' వంటివి వచ్చాయి. వీటిని రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1952 నుంచి సుమారు అర్ధశతాబ్దంపాటు ఆయన చందమామలో పనిచేశారు. 2010లో కన్నుమూశారు. సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షలమంది పిల్లలు చదివారు, రాసినది ఎవరో చాలామందికి తెలియదు.

'శిథిలాలయం'లో ఇద్దరు యువకులు నాయకులు. ఒకడు క్షత్రియుడైన విక్రమకేసరి. రెండోవాడు శిఖిముఖి, అడవిలోని శబరుల పల్లెవాడు. ఇద్దరూ కలిసి ప్రమాదాల్లోకి వెళతారు. శిఖిముఖి వెనక నడిచే సేవకుడు కాదు, పక్కన నడిచే స్నేహితుడు. అడవి జాడలు చదవడం, ఆపదను ముందే పసిగట్టడం అతని చదువు. పక్కనే నల్లమలను, అందులో చెంచులను చూస్తూ పెరిగిన మన పశ్చిమ ప్రకాశం పిల్లలకు శిఖిముఖి పరాయివాడుగా అనిపించడు. 1960ల చివర్లో ఒక పిల్లల పత్రిక గిరిజన యువకుడిని నాయకుడిగా నిలబెట్టిందంటే, ఆ పేరు వేసుకోని రచయితకు మనం నమస్కారం పెట్టాలి.

6. ఇంకో హాస్టల్ – హ్యారీ పోటర్

ఇంగ్లండులో 1997లో జె.కె. రౌలింగ్ మొదటి హ్యారీ పోటర్ నవల వచ్చింది. 2007 నాటికి ఏడు నవలలతో కథ పూర్తయింది. సినిమాలు మీరు టీవీలో చూసే ఉంటారు. మంత్రదండాలు, చీపుర్లు కాసేపు పక్కన పెట్టి చూస్తే, అది ఒక హాస్టల్ కథ. అమ్మానాన్న లేని పిల్లవాడు పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింద అరలో పడుకుంటుంటాడు. పదకొండో ఏట హాగ్వార్ట్స్ బడి నుంచి ఉత్తరం వస్తుంది. పెట్టె సర్దుకుని రైలెక్కుతాడు. అక్కడ పెద్ద భోజనశాల, వరస మంచాలు, రాత్రి బయట తిరగకూడదన్న నియమం, కఠినమైన మాస్టార్లు, ప్రాణానికి ప్రాణమైన స్నేహితులు. ఆ భోజనశాలలో బల్లల మీద వంటకాలు వాటంతటవే ప్రత్యక్షమవుతాయి. ఆ ఒక్క మాయ మన మెస్సుకు మాత్రం ఇంకా రాలేదు.

మొదటి నవలలోనే మన ప్రశ్నకు జవాబు రెండుచోట్ల దొరుకుతుంది. పిల్లల్ని నాలుగు జట్లుగా విడదీసేది ఒక మాట్లాడే టోపీ. హ్యారీని ఎక్కడ వేయాలో దానికి తేలదు. చెడ్డ పేరున్న ఒక జట్టులోకి తాను పోనని హ్యారీ మనసులో గట్టిగా అనుకుంటాడు. టోపీ ఆ మాట వింటుంది. పుట్టుక కాదు, ఎంపిక గెలిచింది. చివర్లో పరుసవేది ఎవరికి దక్కుతుందంటే, దాన్ని వాడుకోవాలన్న ఆశ లేకుండా కేవలం కాపాడాలనుకున్నవాడికే. బంగారం కావాలనుకున్నవాడికి దొరకదు.

మాకు హ్యారీకన్నా దగ్గరైనది హెర్మయినీ. ఆమె తల్లిదండ్రులు పళ్ల డాక్టర్లు, మంత్రాలతో సంబంధం లేనివాళ్లు. అంటే ఆ బడి చదువు ఆ ఇంట్లో ఆమెతోనే మొదలు. తరగతిలో అందరికన్నా ముందు చెయ్యెత్తేది ఆమే. రెండో నవలలో, తరతరాలుగా మంత్రగాళ్ల ఇంట పుట్టానని గర్వపడే ఒక పిల్లవాడు ఆమె రక్తం మురికిదని అందరి ముందూ తిడతాడు.

ఆ పేజీ దగ్గర మేము ఆగిపోయాం. మేము చదివిన ఒక బడిలో ఏటా ఒక రోజు ఉండేది. తరగతి మధ్యలో కాగితాలు పట్టుకుని వచ్చి, "స్కాలర్‌షిప్ పిల్లలు లేచి నిలబడండి" అనేవారు. నిలబడేవాళ్లం. కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూసేవాళ్లు. ఎవరూ తిట్టలేదు. కాని ఆ చూపులో ఏముందో మాకు తెలుసు. దానికి మా దగ్గర మాట లేదు. ఎక్కడో ఇంగ్లండులో రాసిన మాయ నవలలో, మురికి రక్తం అన్న తిట్టు దగ్గర, ఆ మాట దొరికింది. హెర్మయినీ ఆ తిట్టుతో చదువు మానలేదు. తర్వాతి నవలల్లో ఆమె తెలివి లేకుండా హ్యారీ ఒక్క అడుగు వేయలేడు.

తమ్ముడూ, నువ్వు దాచుకున్న పుస్తకం ఎందుకు పనికొస్తుందంటే మా మొదటి జవాబు ఇదే. మనకు జరిగినదాన్ని చెప్పుకోవడానికి అది మాట ఇస్తుంది.

7. పుట్టుక రహస్యం అనే చిక్కు

ఇప్పుడు తోటరాముడి దగ్గరికి మళ్లీ వద్దాం. మాయ కథల్లో ఒక పాత అలవాటు ఉంది. పేదవాడిగా పెరిగిన నాయకుడు చివరకు రాజుగారి బిడ్డ అని తేలుతుంది. భుజం మీద మచ్చో, మెడలో గొలుసో సాక్ష్యం. చదివేటప్పుడు సంతోషంగానే ఉంటుంది. కాని ఆ కథ చెప్పే పాఠం ఏమిటి? వాడి ధైర్యం, తెలివి రాజరక్తం వల్ల వచ్చాయని. మరి నిజంగానే పేద ఇంట పుట్టినవాడి సంగతి? వాడికి ఆ కథలో చోటు లేదు. హ్యారీ విషయంలోనూ కొంత ఈ చిక్కు ఉంది. అతను పేరున్న మంత్రగాళ్ల బిడ్డ. అందుకే మేము హెర్మయినీ వైపు నిలబడతాం, తోటరాముడి వైపు, శిఖిముఖి వైపు, కాశీ దారిలో నడిచిన కాపరి కుర్రవాడి వైపు నిలబడతాం. వాళ్లకు బలం పుట్టుక వల్ల రాలేదు. అడిగారు, నేర్చుకున్నారు, పోగొట్టుకున్నారు, మళ్లీ లేచారు.

కథ బాగుందని మురిసిపోతూనే, దాని లోపల దాగిన మాటను పట్టుకోవడం చదువు. పరీక్షలో మార్కులు రాకపోవచ్చు. కాని ఈ అలవాటు ఉన్నవాడిని పేపరు గాని, సినిమా గాని, ఉపన్యాసం గాని సులభంగా మోసం చేయలేవు. ఇది మా రెండో జవాబు.

8. మన పొరుగు నుంచి ఒక గబ్బిలం

ఇది నవల కాదు, కావ్యం. అయినా చెప్పకుండా ఉండలేం. కురిచేడు దాటి రైల్లో పోతే వినుకొండ వస్తుంది. 1895లో గుర్రం జాషువా గారు అక్కడ పుట్టారు. 1941లో ఆయన 'గబ్బిలం' వచ్చింది. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు తన బాధను కాశీలోని శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. మనిషికి గుడి తలుపు మూసి ఉంది, గబ్బిలానికి మాత్రం అడ్డు లేదు. ఆ కావ్యంలో ఉన్న మాయ అంతే, ఒక గబ్బిలం మనిషి మాట వినడం. ఆ చిటికెడు మాయతో జాషువా గారు మొత్తం సమాజాన్ని బోనులో నిలబెట్టారు.

కాశీమజిలీలో కాపరి కుర్రవాడు కాశీకి నడిచి వెళ్లాడు. గబ్బిలంలో మనవాడు తన మాటను కాశీకి పంపాడు. ఇక మిగిలింది, మనవాడు తన కథను తానే రాసుకోవడం. హాస్టల్ పిల్లవాడు నాయకుడిగా ఉన్న మాయ నవల తెలుగులో మేమింతవరకు చదవలేదు. అది మీలో ఎవరైనా రాయాలని మా కోరిక.

9. అభ్యాసం

ఏ మాయ నవల చదివినా నోటుబుక్కులో ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి: పిల్లవాడు ఇల్లు ఎందుకు విడిచాడు?
రెండు: అతని స్నేహితుడు వెనక నడిచాడా, పక్కన నడిచాడా?
మూడు: మాయకు వెల ఏమిటి? ఉచితంగా వచ్చిందా?
నాలుగు: ఏం పోగొట్టుకున్నాడు?
ఐదు: చివరి గెలుపు పుట్టుకదా, మంత్రానిదా, అతని పనిదా?

తర్వాత సొంతంగా రెండు పేజీలు రాయండి. మాయ కోసం దూరం పోనక్కర లేదు. మనకు నల్లమల ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు ఉంది. మార్కాపురం పలకల గనులున్నాయి. ఉదాహరణకు ఇలా మొదలుపెట్టండి: గనిలో కూలికి పోయే అమ్మ ఒక పలక తెచ్చి కొడుక్కి ఇచ్చింది. ఆ పలక మీద జవాబు రాస్తే నిలవదు, ప్రశ్న రాస్తేనే నిలుస్తుంది. ఆ పలక పెట్టెలో పెట్టుకుని వాడు దర్శి హాస్టల్‌కు వచ్చాడు. తర్వాత ఏం జరిగిందో మీరు రాయాలి. ఒక్క నియమం: వాడు చివరకు రాజుగారి బిడ్డ కాకూడదు. ఆ అమ్మ బిడ్డగానే గెలవాలి.

రాసినవి వచ్చే ఏడాది సంచికకు ఇవ్వండి. తప్పులున్నా ఫర్వాలేదు, దిద్దడానికి మేము వస్తాం.

ఆ ఎనిమిదో తరగతి తమ్ముడికి ఒక మాట. సాంఘిక శాస్త్రం ముందు పూర్తి చెయ్యి, పరీక్ష దగ్గరలోనే ఉంది. అది అయ్యాక ఆ అట్టలూడిన పుస్తకం బయటికి తీసి, లైటు కింద అందరికీ కనిపించేలా పెట్టుకుని చదువు. ఎవరైనా అడిగితే పాఠం చదువుతున్నానని చెప్పు.